ఇరవై ఒకటో గడి

2024 జులై 19, శుక్రవారం. హైదరాబాద్ విమానాశ్రయంలో ఇండిగో కౌంటర్ దగ్గర బోర్డింగ్ పాస్‌లు పెన్నుతో రాసి ఇచ్చారు. పేరు, విమానం నంబరు, సీటు, అన్నీ చేతిరాతే. అలాంటి ఒక పాస్ ఫొటో ఆ రోజంతా ఫోన్లలో తిరిగింది. దేశంలోని మిగతా పెద్ద విమానాశ్రయాల్లోనూ అదే పరిస్థితి. బ్రిటన్‌లో స్కై న్యూస్ చానల్ ప్రసారాలు కాసేపు ఆగిపోయాయి. అమెరికాలో డెల్టా ఎయిర్‌లైన్స్ ఆ తర్వాత అయిదు రోజుల్లో దాదాపు 7,000 విమానాలు రద్దు చేసుకుంది. మన విమానాశ్రయాల్లో వ్యవస్థలు మళ్లీ మామూలుగా పనిచేసేసరికి మర్నాడు తెల్లవారుజామున 3 గంటలైందని పౌర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు చెప్పారు.

కంప్యూటర్లు ఇలా ఒక్కసారిగా ఆగిపోవడం ఎవరో దాడి చేస్తే జరిగింది కాదు. దాడుల నుంచి కాపాడమని డబ్బు కట్టి పెట్టుకున్న సాఫ్ట్‌వేరే ఈ పని చేసింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే అమెరికన్ కంపెనీ తన ఫాల్కన్ సాఫ్ట్‌వేర్‌కు ఒక చిన్న ఫైలు పంపింది. మన టైమ్ ప్రకారం ఉదయం 9.39కి అది బయల్దేరింది. 10.57కి కంపెనీ దాన్ని వెనక్కి తీసుకుంది. మధ్యలో 78 నిమిషాలు. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ కంప్యూటర్లు దెబ్బతిన్నాయి. ప్రపంచంలో ఉన్న విండోస్ కంప్యూటర్లలో ఇది 1 శాతం కూడా కాదు. కానీ ఖరీదైన రక్షణ సాఫ్ట్‌వేర్ కొనుక్కునేది విమాన సంస్థలు, బ్యాంకులు, ఆస్పత్రులు. ఆ 1 శాతం లోపు కంప్యూటర్లు సరిగ్గా ఆగకూడని చోట్లలోనే ఉన్నాయి.

సాఫ్ట్‌వేర్‌ను విడుదలకు ముందు ఎలా పరీక్షించాలి, భద్రతా లోపాలకు మరమ్మతులు ఎలా పంపాలి అనే ప్రశ్నకు ఇంతకంటే మంచి పాఠం ఈ మధ్య కాలంలో మరొకటి లేదు. కంపెనీయే తర్వాత తన తప్పును వివరంగా రాసి బయటపెట్టింది. ఆ ఆగస్టు 6న వచ్చిన నివేదికను ఓపిగ్గా చదివితే తప్పు ఎంత చిన్నదో తెలుస్తుంది.

ఫాల్కన్‌కు రెండు రకాల అప్‌డేట్లు వస్తాయి. మొదటిది అసలు ప్రోగ్రామే మారే అప్‌డేట్. దీన్ని గట్టిగా పరీక్షిస్తారు. కస్టమర్లు కావాలంటే ఒకటి రెండు వెర్షన్లు వెనకగా ఉండొచ్చు, వేరేవాళ్ల అనుభవం చూసి తర్వాత వేసుకోవచ్చు. రెండోది కొత్త దాడుల ఆనవాళ్లు చెప్పే సూచనల ఫైలు. ఫలానా రకంగా ప్రవర్తించే ప్రోగ్రాం కనిపిస్తే పట్టుకో అని అందులో ఉంటుంది. దాడి చేసేవాళ్లు ఆగరు కాబట్టి ఈ ఫైళ్లు వెంటవెంటనే వెళ్తుంటాయి. వీటి విషయంలో కస్టమర్‌కు ఆపుకునే వీలు అప్పట్లో ఉండేది కాదు. ఒకటి రెండు వెర్షన్లు వెనక ఉందామని జాగ్రత్తపడిన కంపెనీలకు కూడా జులై 19 ఫైలు అందరితో పాటే చేరింది.

2024 ఫిబ్రవరిలో వచ్చిన 7.11 వెర్షన్‌లో ఒక కొత్త రకం సూచనల నమూనా చేర్చారు. విండోస్‌లో ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఒక దారిని వాడుకుని జరిగే దాడులను పట్టడం దాని పని. దాన్ని ఒక దరఖాస్తు ఫారంలా ఊహించుకోవచ్చు. ఫారంలో 21 గడులు ఉన్నాయి. ఆ గడులకు విలువలు అందించాల్సిన ప్రోగ్రాం మాత్రం 20 విలువలే ఇచ్చేది. అయిదు నెలలపాటు ఈ తేడా ఎవరి కంటా పడలేదు. అప్పటిదాకా పంపిన ప్రతి సూచనలోనూ 21వ గడి దగ్గర ‘ఏదైనా ఫర్వాలేదు’ అనే గుర్తు ఉండటమే దానికి కారణం. ఏదైనా ఫర్వాలేనప్పుడు ఆ గడిలోకి తొంగి చూడాల్సిన పనే రాదు. మార్చి 5న ఒత్తిడి పరీక్ష పెట్టారు, పాసైంది. ఏప్రిల్‌లో ఇదే నమూనాతో మరో మూడు సూచనలు పంపారు, అవీ బాగానే పనిచేశాయి.

జులై 19న పంపిన సూచన మొదటిసారి 21వ గడిలో ఫలానా విలువ ఉందేమో చూడమంది. ప్రోగ్రాం చూడబోయింది. అక్కడ విలువే లేదు. తనది కాని చోట మెమరీని చదివి కుప్పకూలింది. మామూలు ప్రోగ్రాం అయితే అదొక్కటే మూతపడేది. ఫాల్కన్ పనిచేసేది విండోస్ గుండెకాయ లాంటి కెర్నల్‌లో. అక్కడ తప్పు జరిగితే కంప్యూటర్ మొత్తం ఆగి నీలి తెర వస్తుంది. పైగా కంప్యూటర్ ఆన్ కాగానే లేచే ప్రోగ్రాం కాబట్టి, రీస్టార్ట్ చేసిన ప్రతిసారీ మళ్లీ అదే ఫైలు, మళ్లీ అదే నీలి తెర.

పంపేముందు ఫైలును తనిఖీ చేసే ప్రోగ్రాం లేదా? ఉంది. కానీ ఆ తనిఖీ ప్రోగ్రాం కూడా 21 విలువలు వస్తాయనే నమ్మింది. లెక్క తప్పు రాసినవాడి పుస్తకంతోనే ఆడిటర్ తన లెక్క సరిచూసుకుంటే తప్పు ఎలా దొరుకుతుంది? ఈ ఉదంతంలో అందరూ గుర్తుపెట్టుకోవాల్సింది ఇక్కడే ఉంది. తనిఖీ జరిగిందా లేదా అన్న ప్రశ్న ఒక్కటే సరిపోదు. తయారుచేసినవాళ్ల ఊహల మీదే తనిఖీ కూడా నిలబడి ఉంటే, అది తనిఖీ కింద లెక్కకు రాదు. ఒక్క మామూలు విండోస్ కంప్యూటర్‌లో ఆ ఫైలును నిజంగా పెట్టి ఆన్ చేసి చూసి ఉంటే నిమిషాల్లో బయటపడేది. అలా చేయలేదు. ఇంతకుముందు వాటికి ఏమీ కాలేదు కదా అనుకున్నారు.

అన్నం ఉడికిందో లేదో తెలియాలంటే ఒక్క మెతుకు పట్టుకుంటే చాలంటారు. కుండలోని మెతుకులన్నీ ఒకే నీళ్లలో, ఒకే మంట మీద ఉడికాయి కాబట్టి ఆ మాట అన్నం విషయంలో నిజం. సాఫ్ట్‌వేర్‌లో ఈ నమ్మకం పనికిరాదు. 20 గడులు సరిగ్గా పనిచేశాయన్న సంగతి 21వ గడి గురించి ఏమీ చెప్పదు. 2014లో బయటపడిన హార్ట్‌బ్లీడ్ అనే లోపం కథా ఇలాంటిదే. ఇంటర్నెట్‌లో చాలా తాళాలు ఆధారపడిన ఓపెన్‌ఎస్ఎస్ఎల్ సాఫ్ట్‌వేర్‌లో, అవతలి కంప్యూటర్ ‘నేను ఇన్ని అక్షరాలు పంపాను’ అంటే ఆ మాట నమ్మి అన్నీ తిరిగి పంపేసేది. నిజంగా అన్ని పంపిందా అని చూసేది కాదు. ఒక్క అక్షరం పంపి 64 వేలు అడిగితే, పక్కన మెమరీలో ఉన్న పాస్‌వర్డ్‌లు, రహస్య తాళాలు కూడా కలిపి ఇచ్చేది. అది రెండేళ్లు అలాగే నడిచింది. మర్యాదగా అడిగేవాళ్లతో పరీక్షించినంత కాలం అంతా సవ్యంగానే కనిపించింది. అందుకే ఇప్పుడు భద్రతకు విలువిచ్చేచోట ఫజింగ్ అనే పద్ధతి వాడతారు. అర్థంపర్థం లేని సమాచారాన్ని లక్షల రకాలుగా యంత్రంతో తయారుచేయించి ప్రోగ్రాం మీద కుమ్మరిస్తారు. ఏది తట్టుకోలేక కూలుతుందో చూస్తారు. మనిషి ఊహకు తట్టని ప్రశ్నలు అడగడమే దాని బలం.

క్రౌడ్‌స్ట్రైక్ తప్పుల్లో అన్నిటికన్నా పెద్దది మరొకటి. ఎంత పరీక్షించినా ఏదో ఒకటి మిగులుతుందని తెలిసి కూడా, ఫైలును ప్రపంచానికంతా ఒకేసారి పంపింది. ముందు సొంత ఆఫీసు కంప్యూటర్లకు, తర్వాత నూటికి ఒకటి చొప్పున కస్టమర్లకు, గంట ఆగి నూటికి పది చొప్పున, ఇలా విడతలవారీగా వెళ్లి ఉంటే హైదరాబాద్‌లో పెన్ను పట్టాల్సిన అవసరం వచ్చేది కాదు. విడతలవారీ పద్ధతి కొత్తది కాదు. ఫోన్లలో యాప్‌లు అప్‌డేట్ అయ్యేది ఇలాగే. మరి వాళ్లెందుకు చేయలేదు? వాళ్ల దృష్టిలో అది ‘సాఫ్ట్‌వేర్’ కాదు, ‘కంటెంట్’. ప్రోగ్రాం మారలేదు, డేటా మాత్రమే మారింది అనుకున్నారు. కంప్యూటర్‌కు ఆ తేడా తెలియదు. దాని ప్రవర్తనను మార్చేది ఏదైనా విడుదలే, దాన్ని విడుదలలాగే చూడాలి.

ఈ పాఠం 14 ఏళ్ల ముందే ఒకసారి నేర్పబడింది. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ కంపెనీ పంపిన వైరస్ జాబితా ఫైలు ఒకటి, విండోస్ ఎక్స్‌పీలోని ముఖ్యమైన సొంత ఫైలునే వైరస్ అనుకుని తొలగించింది. అప్పుడూ ఆస్పత్రులు, ఆఫీసుల్లో కంప్యూటర్లు రీస్టార్ట్ అవుతూనే ఉండిపోయాయి. అప్పుడూ అది ‘డేటా ఫైలు’ మాత్రమే. ఆనాడు మెకాఫీలో ముఖ్య సాంకేతిక అధికారిగా ఉన్న జార్జ్ కుర్ట్జ్, 2024లో క్రౌడ్‌స్ట్రైక్ అధిపతి.

ఇంతవరకు చదివితే, అయితే ప్యాచ్‌లు, అంటే లోపాలు పూడ్చే అప్‌డేట్లు, నెమ్మదిగా వేసుకుందాం, ఆర్నెల్లు ఆగి చూద్దాం అనిపిస్తుంది. చాలా ఆఫీసుల్లో ఐటీ విభాగం సరిగ్గా ఇలాగే ఆలోచిస్తుంది. ఆ ఆలోచన ఎక్కడికి తీసుకెళ్తుందో 2017 చూపించింది.

ఆ ఏడాది మార్చి 14న మైక్రోసాఫ్ట్ ఒక ప్యాచ్ విడుదల చేసింది. విండోస్ కంప్యూటర్లు నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే పాత పద్ధతిలో ఒక లోపాన్ని అది పూడ్చింది. ఆ లోపాన్ని అమెరికా నిఘా సంస్థ ఎన్ఎస్ఏ తన అవసరాలకు దాచుకుని వాడుకుంటోంది. సరిగ్గా నెల తర్వాత, ఏప్రిల్ 14న, షాడో బ్రోకర్స్ అనే ముఠా ఆ ఆయుధాన్ని నెట్‌లో పడేసింది. మే 12న ఆ ఆయుధాన్ని వాడుకుని వనక్రై అనే దాడి ప్రోగ్రాం వచ్చింది. 150 దేశాల్లో 2 లక్షలకు పైగా కంప్యూటర్లలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలో కొన్ని కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. ఇంగ్లండ్ ప్రభుత్వ ఆస్పత్రుల ట్రస్టుల్లో మూడో వంతుకు పైగా దెబ్బతిన్నాయి. సుమారు 19,000 అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయన్న అంచనాను అక్కడి ఆడిట్ కార్యాలయం తన నివేదికలో ఇచ్చింది. అందులో ఆపరేషన్లు కూడా ఉన్నాయి.

మందు వచ్చి 59 రోజులైంది. వేసుకోలేదు. ఆ ఆస్పత్రులకు మార్చిలో, ఏప్రిల్‌లో హెచ్చరికలు కూడా వెళ్లాయి. పాత ఎక్స్‌పీ కంప్యూటర్ల వల్లే ఇదంతా జరిగిందని చాలామంది అనుకుంటారు. దెబ్బతిన్నవాటిలో ఎక్కువ భాగం విండోస్ 7వి. వాటికి ప్యాచ్ సిద్ధంగా ఉంది. వేయకపోవడమే తప్పు.

బద్ధకం అని కొట్టిపారేయడం తేలిక. కానీ ఆస్పత్రి కంప్యూటర్ల గది వైపు నుంచి చూడాలి. స్కానింగ్ యంత్రానికి తగిలించిన కంప్యూటర్‌లో ఏం మార్చాలన్నా యంత్రం అమ్మిన కంపెనీ ఒప్పుకోవాలి. రీస్టార్ట్ చేయాలంటే రోగులను ఆపాలి. ప్యాచ్ వేశాక యంత్రం పనిచేయకపోతే నిందపడేది ఆ రాత్రి డ్యూటీలో ఉన్న ఉద్యోగి మీద. ప్యాచ్ వేయకపోతే, దాడి జరగని రోజున ఎవరూ ఏమీ అనరు. ఆ టెన్షన్ ఊరికే వచ్చింది కాదు. చెడ్డ ప్యాచ్‌లు నిజంగా వస్తాయి. 2018 జనవరిలో ప్రాసెసర్లలో బయటపడిన స్పెక్టర్, మెల్ట్‌డౌన్ లోపాలకు ఇచ్చిన విండోస్ ప్యాచ్ పాత ఏఎండీ ప్రాసెసర్లున్న కొన్ని కంప్యూటర్లను అసలు లేవకుండా చేసింది. మైక్రోసాఫ్ట్ ఆ రకం కంప్యూటర్లకు దాన్ని కొన్నాళ్లు ఆపేయాల్సి వచ్చింది.

తొందరపడి పంపిన ప్రతి చెడ్డ అప్‌డేట్, వందల ఆఫీసుల్లో తర్వాతి ప్యాచ్‌ను వాయిదా వేయిస్తుంది. ఆ వాయిదాలోకే వనక్రై లాంటివి దూరతాయి. 78 నిమిషాల నష్టం డాలర్లలో లెక్కకట్టారు, కోర్టుల్లో దావాలు వేశారు. ఆ రోజు తర్వాత ‘ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆపేయండి’ అని నిర్ణయించుకున్నవాళ్ల నష్టం ఏ లెక్కలోకీ రాదు. అందుకే విడుదలకు ముందు పరీక్ష సరిగ్గా చేయని కంపెనీ తన కస్టమర్లను ఒక్కసారి కాదు, రెండుసార్లు ప్రమాదంలోకి నెడుతుంది.

వాయిదాకు సమయం కూడా ఎక్కువ లేదు. 2003 అక్టోబర్ నుంచి మైక్రోసాఫ్ట్ ప్రతి నెలా రెండో మంగళవారం ప్యాచ్‌లు ఇస్తోంది. అంతకుముందు ఎప్పుడు పడితే అప్పుడు వచ్చేవి, ఆఫీసులు సిద్ధంగా ఉండేవి కావు. తేదీ తెలిస్తే ముందే పరీక్షా కంప్యూటర్లు సిద్ధం చేసుకోవచ్చు. కానీ అదే తేదీ దాడి చేసేవాళ్లకూ తెలుసు. ప్యాచ్ బయటికి రాగానే పాత ఫైలును, కొత్త ఫైలును పక్కపక్కన పెట్టి ఎక్కడ మార్చారో వెతుకుతారు. మార్చిన చోటే లోపం ఉన్న చోటు. మరమ్మతు విడుదల కావడమంటే తాళం ఎక్కడ బలహీనంగా ఉందో అందరికీ చాటింపు వేయడం కూడా. ఆ క్షణం నుంచి ప్యాచ్ వేసుకోనివాళ్ల ప్రమాదం ముందుకన్నా పెరుగుతుంది.

వెబ్‌సైట్లు తయారుచేయడానికి వాడే అపాచీ స్ట్రట్స్ అనే సాఫ్ట్‌వేర్‌కు 2017 మార్చి 7న ప్యాచ్ వచ్చింది. అమెరికన్ల అప్పుల చరిత్ర భద్రపరిచే ఈక్విఫాక్స్‌లో రెండు రోజుల్లోనే అందరికీ ఈమెయిల్ వెళ్లింది, వెంటనే వేయండని. ఒక పోర్టల్ మిగిలిపోయింది. లోపం ఎక్కడెక్కడ మిగిలిందో వెతికే స్కాన్ కూడా దాన్ని పట్టలేదు. మే నెలలో చొరబడినవాళ్లు జులై చివరిదాకా లోపలే ఉన్నారు. దాదాపు 14.7 కోట్ల మంది వివరాలు పోయాయి. ఇక్కడ లోపించింది తొందర కాదు. ఆదేశం వెళ్లింది, పని జరిగిందా అని చూసినవాళ్లు లేరు. ఏ కంప్యూటర్‌లో ఏ సాఫ్ట్‌వేర్ ఉందో ఒక జాబితా లేని సంస్థకు ప్యాచ్ ఎంత వేగంగా వచ్చినా ఉపయోగం తక్కువ.

2021 డిసెంబర్‌లో లాగ్4జే విషయంలో మరమ్మతుకే మరమ్మతులు కావలసి వచ్చాయి. జావా ప్రోగ్రాములు తమ పనిని డైరీలా రాసుకోవడానికి వాడే చిన్న సాఫ్ట్‌వేర్ అది. రాసుకోవాల్సిన వాక్యంలో ఒక ప్రత్యేకమైన మాట ఉంటే, దాన్ని ఆదేశంగా తీసుకుని బయటి నుంచి ప్రోగ్రాం తెచ్చి నడిపేది. మైన్‌క్రాఫ్ట్ ఆటలో చాట్‌లో ఒక వాక్యం టైప్ చేసినా సర్వర్ చేజిక్కేది. డిసెంబర్ 10కల్లా 2.15 వెర్షన్ వచ్చింది. అది పూర్తిగా పూడ్చలేదని తేలి కొన్ని రోజుల్లోనే 2.16 ఇచ్చారు. అందులో సర్వర్‌ను స్తంభింపజేసే మరో లోపం దొరికితే 2.17, నెలాఖరుకు 2.17.1. లాగ్4జేను చూసుకుంటున్నది జీతం లేని కొద్దిమంది స్వచ్ఛంద కార్యకర్తలు. పెద్ద పెద్ద కంపెనీలు వాళ్ల పని మీద లాభాలు గడిస్తూ, ఆ వారాల్లో వాళ్లను నిద్రపోనివ్వలేదు. హైదరాబాద్, బెంగళూరుల్లోని ఎంతోమంది తెలుగు ఇంజనీర్లకు కూడా ఆ డిసెంబర్ ఒకే సర్వర్‌కు మూడు నాలుగు సార్లు ప్యాచ్ వేయడంతోనే గడిచింది. అయినా 2.15ను విడుదల చేయకుండా ఇంకో వారం ఆగి ఉంటే బాగుండేదా అంటే, కాదు. అప్పటికే దాడులు మొదలయ్యాయి. సగం మూసిన తలుపు కూడా బార్లా తెరిచిన తలుపు కన్నా నయం. తొందర తప్పనిసరైనప్పుడు పరీక్షను తగ్గించుకోవచ్చు. ‘ఇది తాత్కాలికం, మరొకటి రావచ్చు’ అని ముందే చెప్పడం మాత్రం తగ్గించుకోకూడదు.

జులై 19 తర్వాత కంప్యూటర్లను బాగుచేయడమే ఒక కథ. ఒక్కో కంప్యూటర్ దగ్గరికి మనిషి వెళ్లాలి, అత్యవసరమైనవి మాత్రమే నడిచే సేఫ్ మోడ్‌లో తెరవాలి, 291 నంబరున్న ఆ ఫైలును తొలగించాలి. డిస్కుకు బిట్‌లాకర్ తాళం ఉంటే 48 అంకెల రికవరీ కీ కావాలి. కొన్నిచోట్ల ఆ కీలు దాచిన సర్వర్ కూడా నీలి తెరతోనే ఉంది. మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌లోని కొన్ని కంప్యూటర్లు 15 సార్లు దాకా రీస్టార్ట్ చేస్తే లేచాయి. ఆన్ అయ్యాక నీలి తెర వచ్చేలోపు సరైన ఫైలు డౌన్‌లోడ్ అయితే బతికినట్టు. జులై 25 నాటికి 97 శాతం తిరిగి పనిచేస్తున్నాయని కంపెనీ ప్రకటించింది. పంపేవాళ్లు 78 నిమిషాల్లో వెనక్కి తీసుకున్నారు. తీసుకున్నవాళ్లు వెనక్కి వెళ్లడానికి రోజులు పట్టింది. విడుదలకు ముందు వేసుకోవాల్సిన ప్రశ్నల్లో ‘ఇది పనిచేస్తుందా’ అన్నదాని పక్కనే ‘ఇది చెడితే ఎవరి చేయీ తగలకుండా వెనక్కి వెళ్తుందా’ అన్నది కూడా ఉండాలి. రెండోది చాలా కంపెనీల పరీక్షల జాబితాలో లేదు.

కొంత మారింది. క్రౌడ్‌స్ట్రైక్ ఇప్పుడు సూచనల ఫైళ్లను కూడా విడతలవారీగా పంపుతానంది, ఎప్పుడు తీసుకోవాలో ఎంచుకునే వీలు కస్టమర్లకు ఇచ్చింది. గడుల లెక్క సరిపోయిందో లేదో ప్రోగ్రాం తయారయ్యేటప్పుడే సరిచూసేలా మార్చింది. లేవని కంప్యూటర్‌కు దూరం నుంచే మరమ్మతు పంపే ఏర్పాటును మైక్రోసాఫ్ట్ 2024 నవంబర్‌లో ప్రకటించింది. రక్షణ సాఫ్ట్‌వేర్ కంపెనీలు కెర్నల్ బయట ఉండి పనిచేసేలా విండోస్‌ను మార్చే పని కూడా మొదలుపెట్టింది.

ఈ మార్పుల్లో ఎక్కువ భాగం డబ్బు కట్టే పెద్ద సంస్థలకు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు భద్రతా ప్యాచ్‌లు ఆగిపోయాయి. అదనంగా నమోదు చేసుకున్న ఇళ్ల కంప్యూటర్లకు మాత్రం 2026 అక్టోబర్ దాకా వస్తాయి. జిరాక్స్ షాపుల్లో, చిన్న క్లినిక్‌లలో, ట్యూషన్ సెంటర్లలో, బడి ఆఫీసు గదుల్లో బిల్లులు కొట్టే పాత కంప్యూటర్లు చాలావాటిలో విండోస్ 11 ఎక్కదు. అక్కడ ఐటీ విభాగం లేదు, పరీక్షా కంప్యూటర్ లేదు, నమోదు చేసుకోవాలని చెప్పే మనిషీ లేడు. తెర మీద మూలన ఒక చిన్న నోటీసు వస్తుంది. కస్టమర్ ఎదురుగా నిలబడి ఉంటాడు కాబట్టి, దాన్ని మూసేసి ప్రింట్ బటన్ నొక్కుతారు.